చిన్న పొట్టకు ఎంత గాటు?

ఆడపిల్లల అండాశయంలో గడ్డ కనిపిస్తే లాప్రోస్కోపీ మేలా, ఓపెన్ ఆపరేషన్ మేలా? హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌ల నుంచి గాంధీ ఆసుపత్రికో నిలోఫర్‌కో పరుగుపెట్టే తల్లిదండ్రులకు ఎదురయ్యే ప్రశ్న ఇది. కత్తి పట్టకముందే, స్కానింగ్‌లోనూ రక్తపరీక్షలోనూ దీనికి సగం జవాబు దొరుకుతుంది.

పన్నెండేళ్ల అమ్మాయికి కడుపులో గడ్డ ఉందని స్కానింగ్‌లో తేలితే తల్లి డాక్టర్ని అడిగే మొదటి మాట ‘క్యాన్సరా?’ అని. రెండోది ‘రేపు పెళ్లయ్యాక పిల్లలు పుడతారా?’ అని. మూడోది కాస్త గొంతు తగ్గించి అడుగుతుంది, ‘హోల్స్ వేసి తీస్తారా సార్, కోసి తీస్తారా?’ అని.

చాలా ఇళ్లలో చివరికి ఆ మూడో ప్రశ్నే పెద్దదైపోతుంది. పక్కింటావిడకి గాల్‌బ్లాడర్‌లో రాళ్లు లాప్రోస్కోపీతో తీసి రెండ్రోజుల్లో ఇంటికి పంపేశారు కదా, మా పాపకి పొట్ట ఎందుకు కోయాలి? ఆడపిల్ల ఒంటి మీద అంత మచ్చ ఎందుకు? ఇలా అడగడంలో తప్పేమీ లేదు. అయితే ఈ మూడు ప్రశ్నలకూ ఒక వరస ఉంది. గడ్డ ఎలాంటిదో తెలిస్తేనే దాన్ని ఎలా తీయాలో తేలుతుంది. ఎలా తీశారన్నదాన్ని బట్టే అండాశయం మిగలడం, క్యాన్సరైతే అది మళ్లీ రాకుండా ఉండటం ఆధారపడి ఉంటాయి. గాటు పొడవు గురించి మాట్లాడుకోవాల్సింది వీటి తర్వాతే.

ఈ మూడు పేటల వాళ్లకి పెద్దాసుపత్రులు దూరమేం కాదు. నారాయణగూడలో మెట్రో ఎక్కితే చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, ముషీరాబాద్ దాటగానే గాంధీ ఆసుపత్రి స్టేషన్. పిల్లలకు పేరుపడ్డ నిలోఫర్, క్యాన్సర్‌కు పేరుపడ్డ ఎం.ఎన్.జె. రెండూ రెడ్‌హిల్స్‌లోనే, ఆటోలో వెళ్లొచ్చే దూరంలో ఉన్నాయి. స్కానింగ్ సెంటర్లకీ ల్యాబులకీ కొదవ లేదు. ఆలస్యమంతా ఇంట్లోనే జరుగుతుంది. ఆడపిల్ల కడుపు నొప్పంటే నెలసరి నొప్పనో, గ్యాస్ అనో, బయట తిండి పడలేదనో సర్దిచెప్పి పంపేస్తాం. హాస్టల్లో ఉండే పిల్లయితే ఆ మాత్రం చెప్పుకోవడానికీ మొహమాటపడుతుంది.

పెద్దల జబ్బు వేరు, పిల్లలది వేరు

అండాశయ క్యాన్సర్ అనగానే మనకు యాభై దాటిన ఆడవాళ్లు గుర్తొస్తారు. వాళ్లలో జబ్బు ఎక్కువగా అండాశయం పైపొరకు చెందిన రకం. పిల్లల్లో అలా కాదు. ముందుముందు అండాలుగా మారాల్సిన మూలకణాలు ఉంటాయి కదా, జెర్మ్ సెల్స్ అంటారు వాటిని. పిల్లల కణితుల్లో ఎక్కువ భాగం వాటి నుంచి పుట్టేవే. ఒంట్లోని ఏ భాగంగానైనా ఎదగగల శక్తి ఆ కణాలకు ఉంది. అందుకే డెర్మాయిడ్ అనే గడ్డను తీసి బల్ల మీద కోస్తే గడ్డకట్టిన నెయ్యిలాంటి కొవ్వు, అందులో చుట్టలు చుట్టుకున్న జుట్టు, ఒక్కోసారి పళ్లు, ఎముక ముక్కలు కనిపిస్తాయి. చూసిన వాళ్లు భయపడతారు గానీ, ఈ పరిపక్వ డెర్మాయిడ్ క్యాన్సర్ కాదు. పిల్లల అండాశయాల్లో అన్నిటికన్నా తరచుగా కనిపించే కణితి ఇదే.

క్యాన్సర్ రకాలూ ఉన్నాయి. డిస్‌జెర్మినోమా, యోక్‌శాక్ ట్యూమర్, పూర్తిగా పరిణతి చెందని టెరటోమా అలాంటివి. హార్మోన్లు తయారుచేసే గ్రాన్యులోజా సెల్ ట్యూమర్ మరో జాతి. పిల్లలకు వచ్చే మొత్తం క్యాన్సర్లలో అండాశయానివి నూటికి ఒకటీ రెండూ. ఆపరేషన్ దాకా వెళ్లిన గడ్డల్లో క్యాన్సర్‌గా తేలేవి చాలా ఆసుపత్రుల లెక్కల్లో నూటికి పది, ఇరవై మధ్య ఉంటాయి. అంటే ఎక్కువమంది పిల్లలకు ఉన్నది మామూలు గడ్డే. వాళ్లకు అనవసరంగా అండాశయం తీసేయకూడదు. మిగిలిన కొద్దిమందికి తేలిగ్గా తీసుకుని పొరపాటు చేయకూడదు. ఈ ఆపరేషన్‌లోని కష్టమంతా ఈ రెంటి మధ్యే ఉంది.

ముగ్గురు అమ్మాయిలు, మూడు దారులు

మన పేటల్లోనే ముగ్గురు అమ్మాయిల్ని ఊహించుకుందాం. వీళ్లు కల్పిత వ్యక్తులే అయినా, పిల్లల సర్జన్ల దగ్గరికి ఇలాంటి పిల్లలు వస్తూనే ఉంటారు.

చిక్కడపల్లిలో తొమ్మిదేళ్ల పాప. అర్ధరాత్రి కుడివైపు పొత్తికడుపులో ఉన్నట్టుండి తట్టుకోలేని నొప్పి, వెంటనే వాంతులు. అందరూ అపెండిసైటిస్ అనుకుంటారు. స్కానింగ్‌లో చూస్తే అండాశయం ఉబ్బి ఉంది. గడ్డ బరువుకు అండాశయం తన కాడ చుట్టూ తానే మెలితిరిగిపోయింది. దీన్ని టార్షన్ అంటారు. రక్తం అందక అండాశయం నల్లబడుతుంది. డాప్లర్ స్కాన్‌లో రక్తప్రసరణ కనిపించినంత మాత్రాన మెలిక లేదని నిశ్చింతగా ఉండటానికి లేదు. ఒకప్పుడు నల్లబడిన అండాశయం కనిపిస్తే చచ్చుబడిందని తీసేసేవాళ్లు. ఆ అలవాటు తప్పని తేలింది. మెలిక విప్పేస్తే, చూడ్డానికి నల్లగా ఉన్నది కూడా చాలామందిలో కోలుకుంటుంది. అమెరికా ప్రసూతి, స్త్రీవైద్య నిపుణుల సంఘం 2019లో ఇచ్చిన సూచన కూడా ఇదే: రంగు చూసి అండాశయాన్ని తీసేయొద్దు, మెలిక విప్పండి, వీలైతే లాప్రోస్కోపీతో చేయండి. ఈ పాపకు లాప్రోస్కోపీ సరైన దారి. ఇక్కడ శత్రువు ఆలస్యం. తెల్లారాక చూద్దాంలే అనుకుంటే అండాశయం దక్కకపోవచ్చు.

నారాయణగూడలో పదమూడేళ్ల అమ్మాయి. అప్పుడప్పుడూ బరువుగా ఉన్నట్టు సన్నటి నొప్పి. స్కాన్‌లో ఎడమ అండాశయంలో ఆరు సెంటీమీటర్ల గడ్డ, అందులో కొవ్వు, సున్నపు మచ్చలు. రక్తంలో కణితి జాడ చూపే ట్యూమర్ మార్కర్లన్నీ మామూలుగానే ఉన్నాయి. లక్షణాలన్నీ డెర్మాయిడ్‌నే చూపిస్తున్నాయి. ఈ అమ్మాయికి గడ్డను మాత్రమే అండాశయంలోంచి ఒలిచి తీసి, మిగిలిన అండాశయాన్ని అలాగే ఉంచాలి. లాప్రోస్కోపీకి ఇది తగిన కేసు. చేయి తిరిగిన సర్జన్ చిన్న గాటుతో ఓపెన్‌గా చేసినా ఫలితం బాగానే ఉంటుంది.

అశోక్‌నగర్‌లో పదిహేనేళ్ల అమ్మాయి. రెండు నెలల్లో పొట్ట పెరిగింది. లావెక్కుతోందనుకున్నారు. స్కాన్‌లో పదహారు సెంటీమీటర్ల గడ్డ, ఎక్కువ భాగం గట్టిగా ఉంది. రక్తంలో ఏఎఫ్‌పీ అనే ట్యూమర్ మార్కర్ వేలల్లో ఉంది. క్యాన్సర్ అనే అనుమానం బలంగా ఉన్నప్పుడు గడ్డను పగలకుండా, చిదపకుండా, ఉన్నదున్నట్టుగా బయటికి తీయాలి. దానికి నమ్మకమైన దారి ఓపెన్ ఆపరేషన్. ఇక్కడ చిన్న గాటు కోసం పట్టుబడితే నష్టపోయేది ఆ అమ్మాయే.

ముగ్గురికీ అండాశయంలో గడ్డే. ముగ్గురికీ ఒకే ఆపరేషన్ చేస్తామంటే ఒక్కరికైనా అన్యాయం జరిగి తీరుతుంది.

థియేటర్ లోపల ఏం జరుగుతుంది?

లాప్రోస్కోపీలో బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి గొట్టం దింపుతారు. పిల్లలకు వాడే పరికరాల మందం మూడు నుంచి అయిదు మిల్లీమీటర్లు. కార్బన్ డయాక్సైడ్ నింపి పొట్టను పైకి లేపుతారు. ఆ పీడనం పెద్దవాళ్లకన్నా పిల్లలకు తక్కువగా పెట్టాలి, ఎందుకంటే పొట్ట ఉబ్బినకొద్దీ ఊపిరితిత్తుల మీద ఒత్తిడి పెరుగుతుంది. చిన్నపిల్లల్లో పొట్ట గోడ పలుచన, దాని వెనకే పెద్ద రక్తనాళాలు ఉంటాయి. మొదటి గొట్టం దింపేటప్పుడే ఎంతో జాగ్రత్త కావాలి. పెద్దవాళ్లకు వందల ఆపరేషన్లు చేసిన డాక్టరైనా పిల్లలకు చేయాలంటే వేరే శిక్షణ అవసరమయ్యేది ఇందుకే.

ఒకసారి కెమెరా లోపలికి వెళ్లాక బొమ్మ చాలా పెద్దగా, స్పష్టంగా కనిపిస్తుంది. రెండు అండాశయాలూ, గర్భసంచీ, అపెండిక్సూ, కాలేయం అంచూ అన్నీ చూడొచ్చు. నొప్పి అపెండిక్స్ వల్లా, అండాశయం వల్లా అన్న సందేహం అక్కడికక్కడే తీరిపోతుంది. ఆపరేషన్ తర్వాత నొప్పి తక్కువ, లేచి తిరగడం తొందర, బడికి వెళ్లడం తొందర. లోపల పేగులు, ట్యూబులు ఒకదానికొకటి అతుక్కుపోవడం కూడా తక్కువ. ఆడపిల్ల విషయంలో ఈ చివరి లాభం చిన్నదేం కాదు. ట్యూబ్ అతుక్కుపోతే ముందుముందు గర్భం రావడం కష్టమవుతుంది.

ఓపెన్ పద్ధతిలో రెండు రకాల గాట్లు. పొత్తికడుపు కింద అడ్డంగా పెట్టేది బట్టల్లో దాగిపోతుంది. నిలువుగా పెట్టేదైతే పెద్ద గడ్డను పగలకుండా బయటికి తేవడానికి, పైన కాలేయం దాకా చూడటానికి వీలిస్తుంది. ఇక్కడ సర్జన్‌కు కంటితో పాటు చేయి కూడా పనికొస్తుంది. లింఫ్ గ్రంథులు గట్టిపడ్డాయా, పేగుల మీద గింజల్లాంటివి ఉన్నాయా అని వేళ్లతో తడిమి తెలుసుకోగలరు. కెమెరాకు ఆ స్పర్శ లేదు.

వీటి మధ్య మూడో దారి ఒకటుంది. మామూలు నీటిగడ్డ బాగా పెద్దదైనప్పుడు ముందు కెమెరాతో లోపలంతా చూస్తారు. తర్వాత చిన్న గాటు పెట్టి, గడ్డ గోడను గాటు దగ్గరికి తెచ్చి, లోపలి నీళ్లు పొట్టలో పడకుండా బయటికి తీసేస్తారు. గడ్డ చిన్నదయ్యాక అండాశయాన్ని గాటులోంచి పైకి తెచ్చి, గడ్డను ఒలిచి, మళ్లీ లోపల పెట్టేస్తారు. క్యాన్సర్ అనుమానం లేని గడ్డలకే ఇది పనికొస్తుంది.

గడ్డ పగిలితే ఏమవుతుంది?

లాప్రోస్కోపీతో వచ్చే చిక్కు అంతా గడ్డను బయటికి తీసేటప్పుడే. పది సెంటీమీటర్ల గడ్డ ఒక సెంటీమీటర్ రంధ్రంలోంచి రాదు. అందుకని లోపలే ఒక ప్లాస్టిక్ సంచి తెరిచి, గడ్డను అందులోకి జార్చి, సంచి మూతిని బొడ్డు దగ్గరికి లాగి, చిన్నది చేసుకుంటూ తీస్తారు. సంచిలోకి చేరకముందే గడ్డ పగిలిందా, లోపలిదంతా పొట్టలో పడుతుంది. డెర్మాయిడ్ అయితే వేడి సెలైన్‌తో బాగా కడిగేస్తే సరిపోతుంది. ఆ కొవ్వు వల్ల పొట్ట పొరకు వాపు రావడం చాలా అరుదు.

క్యాన్సర్ గడ్డ పగిలితే లెక్క మారిపోతుంది. అండాశయం దాటని క్యాన్సర్ మొదటి దశ. గడ్డ చెక్కుచెదరకుండా వచ్చి, పొట్ట కడిగిన నీళ్లలో క్యాన్సర్ కణాలు లేకపోతే, కొందరు పిల్లలకు కీమో ఇవ్వకుండా కనిపెట్టి చూసే అవకాశం ఉంటుంది. అమెరికాలో చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూప్ మొదటి దశలో ఉన్న 25 మంది అమ్మాయిలను ఇలాగే కీమో లేకుండా గమనించి 2014లో ఫలితాలు ప్రచురించింది. వాళ్లలో సుమారు సగంమందికి జబ్బు మళ్లీ కనిపించింది. అప్పుడు కీమో ఇస్తే ఒక్కరు తప్ప అందరూ బతికారు. అంటే సగంమందికి కీమో బాధే తప్పింది. ఆపరేషన్‌లో గడ్డ పగిలితే ఆ అవకాశం చేజారుతుంది.

కీమోతో ఈ జబ్బు బాగానే లొంగుతుంది. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు వచ్చాక పిల్లల అండాశయ జెర్మ్ సెల్ క్యాన్సర్లలో నూటికి తొంభైమందికి పైగా కోలుకుంటున్నారు. తల్లిదండ్రులు గట్టిగా పట్టుకోవాల్సిన ధైర్యం ఇది. కానీ సిస్‌ప్లాటిన్ కొందరి వినికిడిని, మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది. మరో కీమో మందు బ్లియోమైసిన్ ఊపిరితిత్తుల మీద ప్రభావం చూపుతుంది. ఆపరేషన్ జాగ్రత్తగా చేసి తప్పించగలిగిన మందుల్ని పాప ఒంట్లోకి పంపాల్సిన పరిస్థితి తెచ్చుకోకూడదు. పొట్ట మీద మచ్చ ఏళ్లు గడిచేకొద్దీ పాలిపోతుంది. పోయిన వినికిడి మాత్రం తిరిగి రాదు.

పోలికల్లో ఒక మెలిక

లాప్రోస్కోపీ చేసిన పిల్లలు తొందరగా ఇంటికెళ్లారు, ఓపెన్ చేసినవాళ్లకు ఎక్కువ రోజులు పట్టింది అని చెప్పే పరిశోధన పత్రాలు చాలానే ఉన్నాయి. వాటిని చదివేటప్పుడు ఒక సంగతి మరిచిపోకూడదు. వాటిలో ఎక్కువ భాగం ఆసుపత్రుల పాత రికార్డులు తిరగేసి రాసినవి. సర్జన్లు చిన్న గడ్డల్ని, నీటిగడ్డల్ని లాప్రోస్కోపీకి పంపుతారు. పెద్దవి, గట్టివి, అనుమానమున్నవి ఓపెన్‌కు పంపుతారు. మొదలే తేలికైన జబ్బున్న పిల్లల్ని కష్టమైన జబ్బున్న పిల్లలతో పోలిస్తే గెలిచేది ఎవరో ముందే తెలుసు. మామూలు గడ్డల్లో లాప్రోస్కోపీ మేలన్నది నమ్మదగ్గ మాటే. క్యాన్సర్ గడ్డల్లో రెండూ సమానమని చెప్పడానికి ఆ పత్రాలు చాలవు.

పెద్దవాళ్ల విషయంలో ఒక హెచ్చరిక ఇప్పటికే వచ్చింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్ ఓపెన్‌కు ఏమాత్రం తీసిపోదని ఏళ్ల తరబడి నమ్మారు. 631 మందిని చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడదీసి పరీక్షించారు. 2018లో ఫలితాలొచ్చాయి. నాలుగున్నరేళ్ల తర్వాత జబ్బు లేకుండా ఉన్నవాళ్లు ఓపెన్ జట్టులో నూటికి 96.5, రెండో జట్టులో 86. అది వేరే అవయవం, వేరే వయసు. అయినా క్యాన్సర్ దగ్గర ‘చిన్న గాటు కాబట్టి మంచిదే’ అని ముందే తీర్మానించుకోకూడదని ఆ అంకెలు నేర్పాయి.

అవతలి వైపు పొరపాటు కూడా తక్కువది కాదు. క్యాన్సరేమోనన్న భయంతో మామూలు గడ్డకు అండాశయం మొత్తం తీసేయడం ఇప్పటికీ జరుగుతోంది. అమెరికాలోని 11 పిల్లల ఆసుపత్రులు కలిసి దీని మీద ఒక అధ్యయనం చేశాయి. గడ్డ నీటిదా గట్టిదా, ఎంత పెద్దది, మార్కర్లు ఎలా ఉన్నాయి అన్నవి ఒక వరసలో చూసి నిర్ణయం తీసుకునే పద్ధతి పెట్టుకున్నాయి. 519 మంది అమ్మాయిల మీద దాన్ని పాటించి 2023లో ఫలితం ప్రకటించాయి. మామూలు గడ్డలకు అనవసరంగా అండాశయం తీసేయడం నూటికి 16.1 నుంచి 8.4కు తగ్గింది. కొత్త యంత్రమేదీ కొనలేదు. కత్తి పట్టకముందు కూర్చుని ఆలోచించారు, అంతే.

ఈ నగరానికి ఉన్న బంధం

పొట్ట కోసి ఆపరేషన్ చేయడమనే విద్యే అండాశయ కణితితో మొదలైందని చెప్పొచ్చు. 1809 డిసెంబరులో అమెరికాలోని కెంటకీలో ఎఫ్రాయిమ్ మెక్‌డొవెల్ అనే డాక్టర్ జేన్ టాడ్ క్రాఫర్డ్ అనే ఆవిడ పొట్టలోంచి పది కిలోల అండాశయ కణితి తీశాడు. మత్తుమందు అప్పటికింకా లేదు. అయినా ఆవిడ కోలుకుని మరో ముప్ఫై ఏళ్లకు పైగా బతికింది.

మత్తుమందు సురక్షితమా కాదా అన్న చర్చలో మన హైదరాబాద్‌కు పెద్ద పాత్రే ఉంది. 1888లో, 1889లో ఇక్కడ జరిగిన క్లోరోఫాం కమిషన్ పరిశోధనల్ని ప్రపంచమంతా గమనించింది. ఎడ్వర్డ్ లారీ వాటిని నడిపించారు, నిజాం ఖర్చు భరించారు. ఆ రోజుల్లోనే ఇక్కడ రోగులకు క్లోరోఫాం ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చెప్తారు. చిన్నపిల్లని గంటల తరబడి నొప్పి తెలియకుండా నిద్రపుచ్చి ఆపరేషన్ చేయగలుగుతున్నామంటే ఆ దారి వేసినవాళ్లలో ఈ ఊరివాళ్లూ ఉన్నారు.

కెమెరా కథ ఆ తర్వాతది. 1910లో స్వీడన్‌లో యాకోబియస్ మనుషుల పొట్టలోకి గొట్టంతో తొంగిచూశాడు. 1980లో జర్మనీలో కుర్ట్ సెమ్ అనే స్త్రీవైద్య నిపుణుడు ఆ పద్ధతిలో అపెండిక్స్ తీశాడు. 1990లో ముంబయిలో డాక్టర్ టెహెంటన్ ఉడ్వాడియా లాప్రోస్కోపీతో గాల్‌బ్లాడర్ తీసి ఈ విద్యను మన దేశంలో నిలబెట్టారు. పిల్లలకు సరిపోయే సన్నటి పరికరాలు ఆ తర్వాత వచ్చాయి.

అనుమానం కన్నా ముందు స్కానింగ్

కొన్ని కణితులు బీటా హెచ్‌సీజీ అనే హార్మోన్‌ను తయారుచేస్తాయి. గర్భం వచ్చిందో లేదో చూసే పరీక్ష పట్టుకునేది కూడా ఈ హార్మోన్‌నే. పొట్ట పెరిగి, నెలసరి తప్పి, పరీక్ష పాజిటివ్ వస్తే ఇంట్లో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. ఆ అమ్మాయి ఏ పాపమూ ఎరగదు, ఆమెకు వచ్చింది జబ్బు. ఒక్క స్కానింగ్‌తో తేలిపోయే నిజం కోసం ముందు ఆమెని నిలదీసి, కొట్టి, చదువు మాన్పించే ఇళ్లు ఉండకూడదు. నిజంగా గర్భమే అయినా ఆమెకు ముందు కావాల్సింది వైద్యం, రక్షణ.

మరో సూచన. అయిదారేళ్ల పాపకు రొమ్ములు పెరగడం, రక్తం కనిపించడం లాంటివి జరిగితే ‘ఇంత చిన్న వయసులోనే పెద్దమనిషి అయింది, కాలం అలా ఉంది’ అని సరిపెట్టుకోకండి. హార్మోన్ తయారుచేసే గ్రాన్యులోజా సెల్ ట్యూమర్ ఇలాగే బయటపడుతుంది. తొందరగా తెలుసుకోగలిగితే దాదాపుగా ఆపరేషన్‌తోనే నయమైపోయే కణితి అది.

పొట్ట స్కానింగ్ అంటే భయపడాల్సిందేమీ లేదు. బాగా నీళ్లు తాగించి, మూత్రాశయం నిండాక పొట్ట మీదే జెల్ రాసి చూస్తారు. అయిదు సెంటీమీటర్ల లోపు మామూలు నీటిగడ్డ అయితే చాలావరకు కొన్ని వారాల్లో దానంతట అదే కరిగిపోతుంది. దానికి ఏ గాటూ అక్కర్లేదు, మళ్లీ స్కాన్ చేస్తే చాలు. కొందరు పసికందుల్లో కడుపులో ఉన్నప్పుడే కనిపించే అండాశయపు నీటిగడ్డలు కూడా ఎక్కువగా ఇలాగే తగ్గిపోతాయి.

సర్జన్ని ఇవి అడగండి

• గడ్డలో ఉన్నది నీరా, గట్టి భాగం కూడా ఉందా? సైజు ఎంత? రెండో అండాశయం బాగుందా?

• ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ మార్కర్ల పరీక్షలకు ఆపరేషన్‌కు ముందే రక్తం తీశారా? (ఏడాది లోపు పసిపాపల్లో ఏఎఫ్‌పీ సహజంగానే ఎక్కువ, వయసును బట్టి చూడాలి.)

• గడ్డను మాత్రమే తీసి అండాశయాన్ని ఉంచగలరా? లేకపోతే ఎందుకు?

• లాప్రోస్కోపీ అయితే సంచిలో పెట్టి తీస్తారా? లోపల పరిస్థితి వేరుగా ఉంటే ఓపెన్‌కు మారుస్తారా? (మార్చడం ఓటమి కాదు. ముందే ఒప్పుకుని సంతకం పెట్టండి.)

• క్యాన్సర్ అనుమానం ఉంటే ముందుగా సూది గుచ్చి పరీక్ష చేయడం లేదు కదా? (గుచ్చితే గడ్డలోని కణాలు బయటికి కారే ప్రమాదముంది.)

• పొట్ట కడిగిన నీళ్లను పరీక్షకు పంపుతారా? బయాప్సీ ఫలితాన్ని పిల్లల క్యాన్సర్ నిపుణులు చూస్తారా?

ఈ చివరిదాన్ని గట్టిగా పట్టుకోండి. పిల్లల కోసం చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూప్ రాసిన పద్ధతిలో వరస స్పష్టంగా ఉంది. పొట్టలో నీళ్లు తీసి పరీక్షకు పంపాలి. పొట్ట లోపలి పొరలు, కాలేయం, కొవ్వు పొర అంతా చూడాలి. అనుమానమున్న చోట ముక్క తీయాలి. పెరిగిన లింఫ్ గ్రంథులను పరీక్షించాలి. రెండో అండాశయాన్ని చూసి, బాగుంటే ముట్టుకోకూడదు. గడ్డ ఉన్న అండాశయాన్ని పగలకుండా తీయాలి. పెద్దవాళ్లలో చేసినట్టు గర్భసంచిని, రెండు అండాశయాల్ని కలిపి తీసేయాల్సిన పని పిల్లల్లో సాధారణంగా ఉండదు. తల్లి అడిగిన రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. ఒక అండాశయం పోయినా రెండోది ఆరోగ్యంగా ఉంటే నెలసరి వస్తుంది, ముందుముందు పిల్లలూ పుడతారు.

కలిసి నిర్ణయించాలి

నిలోఫర్ ఆసుపత్రి ఒక దుఃఖంలోంచి పుట్టింది. 1949లో ప్రసవ సమయంలో తన పరిచారిక చనిపోతే యువరాణి నిలోఫర్ చలించిపోయారు. ఆడవాళ్ల కోసం, పిల్లల కోసం ఒక ఆసుపత్రి ఉండాలని పట్టుబట్టారు. 1953 నాటికి అది రెడ్‌హిల్స్‌లో నిలబడింది. మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి 1955లో వచ్చింది. ఇలా పిల్లల సర్జన్ ఒక చోట, పిల్లల క్యాన్సర్ డాక్టర్ మరో చోట ఉన్నా, కత్తి పట్టకముందు ఇద్దరూ రిపోర్టులు ముందేసుకుని మాట్లాడుకోవాలి. రేడియాలజిస్టు కూడా ఉంటే ఇంకా మంచిది. ప్రైవేటు నర్సింగ్‌హోముల నుంచి వెళ్లే కేసుకూ ఇదే వర్తిస్తుంది. మామూలు గడ్డనుకుని తొందరపడి కోసి, ముక్క రిపోర్టు వచ్చాక క్యాన్సర్ ఆసుపత్రికి పంపే అలవాటు పోవాలి.

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు ఆరోగ్యశ్రీ కౌంటర్‌లో ముందే అడగాలి. 2007లో మొదలైన ఈ పథకం పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. ప్రభుత్వాసుపత్రుల్లో పిల్లల సైజు లాప్రోస్కోపీ పరికరాలు, గడ్డ తీసే సంచులు, ఒక్కరోజులో మార్కర్ల రిపోర్టు ఇచ్చే ల్యాబు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. లాప్రోస్కోపీ డబ్బున్నవాళ్లకు మాత్రమే దొరికే సౌకర్యంగా మిగిలిపోతే, మెలిక పడిన అండాశయంతో అర్ధరాత్రి వచ్చే పేదింటి పాపకు అక్కర్లేని పెద్ద గాటు పడుతుంది.

ఆడపిల్లలు తెలుగులో చదువుకోవాలని మాడపాటి హనుమంతరావు గారు నారాయణగూడలో బాలికల బడి పెట్టింది 1928లో. ఆ బడి ఉన్న పేటలో తొంభై ఏళ్లు దాటాక కూడా ఆడపిల్ల తన ఒంట్లో అండాశయం ఎక్కడుంటుందో, ఏ నొప్పికి ఎవరికి చెప్పాలో తెలియకుండా ఎదగకూడదు. ఈ చుట్టుపక్కల ప్రతి బడీ, కాలేజీ, హాస్టలూ ఏడాదికోసారి ఒక డాక్టరమ్మను పిలిచి ఒక్క గంట మాట్లాడించాలి. ఆగకుండా వాంతులతో వచ్చే నొప్పి, తగ్గకుండా పెరిగే పొట్ట, వయసుకు ముందే వచ్చే మార్పులు, ఈ మూడూ ఆలస్యం చేయకూడనివని పిల్లలకు తెలిస్తే చాలు.

ఆపరేషన్ అయిపోయాక ఇంటికి తెచ్చుకోవాల్సింది డిశ్చార్జి కాగితం ఒక్కటే కాదు. ఆపరేషన్ నోట్సు, బయాప్సీ రిపోర్టు, స్కాన్ సీడీ, మార్కర్ల పరీక్షలు అన్నీ అడిగి తీసుకుని ఒక ఫైల్లో పెట్టండి. ఏ అండాశయం మిగిలింది, గడ్డ పగిలిందా లేదా, ముక్కలో ఏం తేలింది అన్నవి అందులో రాసి ఉండాలి. డెర్మాయిడ్ రెండో వైపు కూడా రావొచ్చు కాబట్టి డాక్టర్ చెప్పిన ప్రకారం స్కానింగులు మానొద్దు. క్యాన్సరైతే మార్కర్ల పరీక్షలు ఏళ్ల పాటు చేయించాలి. అమ్మాయికి పద్దెనిమిదేళ్లు వచ్చాక ఆ ఫైలు ఆమె చేతికిచ్చి, అందులో ఉన్నదంతా దాచకుండా చెప్పండి. పెళ్లి సంబంధాల భయంతో బీరువాలో దాచేస్తే, రేపు మరో ఊళ్లో మరో డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఆమె దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు. ఆ ఒళ్లు ఆమెది. దానికి ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో తెలుసుకునే హక్కూ ఆమెదే.